40 వేలలో ఇంటి సర్వర్: మహానంది ఎండకు ఏది తట్టుకుంటుంది?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ప్రశ్న మీద. చేతిలో 40 వేలు ఉన్నాయి. ఇంట్లోనే నాలుగైదు వర్చువల్ మెషిన్లు నడుపుకుని లైనక్స్, విండోస్ సర్వర్, కుబెర్నెటీస్ నేర్చుకోవాలి. ఏ మెషిన్ కొనాలి?

నెట్‌లో దీని మీద వీడియోలు చాలా ఉన్నాయి. ఎక్కువ శాతం అమెరికా వాళ్లవి, యూరప్ వాళ్లవి. వాళ్ల ఇంటి కింద చల్లగా బేస్‌మెంట్ ఉంటుంది, అందులో పాత ర్యాక్ సర్వర్ పెట్టి చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ మనకి బేస్‌మెంట్ లేదు. నంద్యాల పక్కన మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. ఇంట్లో ఉండేది ఒక ఇన్వర్టర్, దాని మీద రెండు ఫ్యాన్లు. కాబట్టి ఈ లెక్క మనం మన ఊరి నుంచే మొదలుపెట్టాలి. అందుకే మహానందిలో జరిగిన ఒక కేసు తీసుకుంటా.

మా చిన్నమ్మ వాళ్లది మహానంది దగ్గర. కొంచెం అరటి తోట ఉంది. వాళ్ల అబ్బాయి నంద్యాలలో బీటెక్ ఫైనల్ ఇయర్. సిస్టమ్ అడ్మిన్, డెవాప్స్ వైపు వెళ్లాలని వాడి ప్లాన్. ఈసారి గెలలకి రేటు బాగా పలికింది, చిన్నమ్మ అందులోంచి 40 వేలు తీసి వాడి చేతిలో పెట్టింది. అరటి సంగతి మీకు తెలుసు కదా. ఒక్క గాలివాన చాలు, తోటంతా నేలకి వాలిపోతుంది. అంటే ఈ 40 వేలు పోతే మళ్లీ ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. వాడు ఫోన్ చేసి, "అన్నా, డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్730 సెకండ్ హ్యాండ్‌లో చూసినా. 28 కోర్లు అంట. ఇదే తీసుకుందామా?" అన్నాడు.

ఆర్730 చెడ్డ మెషిన్ కాదు. 2014లో వచ్చింది, కంపెనీల డేటా సెంటర్లలో ఏళ్ల తరబడి పనిచేసింది. రెండు జియాన్ ప్రాసెసర్లు పడతాయి. ఈ5-2680 వీ4 వేస్తే ఒక్కో దాంట్లో 14 కోర్లు, రెండూ కలిపి 28. ర్యామ్‌కి 24 స్లాట్లు. కాగితం మీద చూస్తే ఆ డబ్బుకి ఇంతకంటే ఎక్కువ ఎవడూ ఇవ్వడు. కానీ వాడు కొనేది కాగితం కాదు కదా. మహానందిలో, వాళ్లింట్లో, వాళ్ల కరెంటు మీద, 24 గంటలూ తిరగాల్సిన మెషిన్. దాన్ని ఒక్కో మెట్టూ లెక్క వేద్దాం.

ముందు, వర్చువలైజేషన్ అంటే ఏంటో కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో. మహానందిలో సత్రాలు చూసే ఉంటారు. బిల్డింగ్ ఒకటే, లోపల గదులు చాలా. ఒక గదిలో కర్నూలు వాళ్లు, పక్క గదిలో బళ్లారి వాళ్లు. ఎవరి తాళం వాళ్లది, ఎవరి సామాను వాళ్లది. తాళాలు ఇచ్చేది, ఎవరికి ఏ గదో చూసుకునేది సత్రం మేనేజర్. ఇక్కడ బిల్డింగ్ మీ కంప్యూటర్. గదులు వర్చువల్ మెషిన్లు. మేనేజర్ పేరు హైపర్‌వైజర్. ఐడియా కొత్తది కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌ల మీద దీన్ని అమ్మింది. మనం వాడే మామూలు ప్రాసెసర్లకి ఈ పని హార్డ్‌వేర్‌లోనే చేసే శక్తి 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్‌తో, 2006లో ఏఎండీ-వీతో వచ్చింది. ఇప్పుడు మీ దగ్గర ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా దాదాపుగా ఉంటుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి, కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి.

ఇప్పుడు మొదటి మెట్టు. మెషిన్ చూడకముందు, అందులో ఏం నడపాలో పేపర్ మీద రాయాలి. నేను మావాడికి ఫోన్‌లో చెప్పింది ఇదే. "ఆ వెబ్‌సైట్ మూసేయ్, ఒక తెల్ల కాగితం తీసుకో."

వాడి లిస్టు ఇలా వచ్చింది. కుబెర్నెటీస్ నేర్చుకోవడానికి మూడు లైనక్స్ మెషిన్లు. కుబ్‌ఆడ్మ్ ఒక్కో మెషిన్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ అడుగుతుంది, ఇబ్బంది లేకుండా నడవాలంటే 4 ఇద్దాం. మొత్తం 12. విండోస్ సర్వర్ ఒకటి, యాక్టివ్ డైరెక్టరీ కోసం, 4 జీబీ. దానికి జాయిన్ చేయడానికి ఒక విండోస్ క్లయింట్, ఇంకో 4. హైపర్‌వైజర్‌కి తన సొంత ఖర్చు 2. మొత్తం 22 జీబీ. అంటే 32 జీబీ ఉన్న మెషిన్ చాలు, ఇంకా 10 జీబీ మిగులుతుంది కూడా. 28 కోర్లు, 256 జీబీ అనే మాట ఎక్కడా రాలేదు చూడండి. లిస్టు రాయకముందు అవసరం పెద్దదిగా కనిపించింది, రాశాక 32 దగ్గర ఆగింది.

మరి కోర్లు? ఇక్కడ చాలామంది తికమక పడతారు. ప్రాసెసర్‌ని పంచుకోవచ్చు, ర్యామ్‌ని అలా పంచుకోలేం. సత్రంలో పది గదులకి కలిపి రెండు కుళాయిలు ఉన్నాయనుకోండి, సర్దుకుంటారు. అందరూ ఒకే నిమిషంలో స్నానం చేయరు కాబట్టి. మంచాలు అలా కాదు. ఒకరు పడుకున్న మంచం మీద అదే రాత్రి ఇంకొకరు పడుకోలేరు. వర్చువల్ మెషిన్లు కూడా అంతే. నేర్చుకునే ల్యాబ్‌లో ఐదు మెషిన్లు ఆన్‌లో ఉన్నా, వాటి ప్రాసెసర్ ఎక్కువసేపు ఖాళీగానే కూర్చుంటుంది. 6 కోర్ల మీద మొత్తం 10, 12 వర్చువల్ కోర్లు ఇచ్చినా నడుస్తుంది. ర్యామ్ మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టే పోతుంది. అది అయిపోతే ఏమవుతుంది? శివరాత్రికి సత్రం నిండితే జనం వరండాలో చాపలేసుకుని పడుకుంటారు చూడండి, అలా డిస్క్ మీదకి పోతుంది. దాన్నే స్వాప్ అంటాం. పని ఆగదు, కానీ ప్రాణం విసిగిపోతుంది. కాబట్టి బడ్జెట్ తక్కువైనప్పుడు రూల్ ఒక్కటే: డబ్బు మొదట ర్యామ్‌కి, తర్వాత ఎస్ఎస్‌డీకి, ఆఖర్న కోర్లకి.

రెండో మెట్టు, కరెంటు. ఇది ఎవరూ సరిగ్గా లెక్క వేయరు.

రెండు ప్రాసెసర్లు, కొన్ని హార్డ్ డిస్కులు ఉన్న పాత ర్యాక్ సర్వర్ సగటున 150 వాట్లు లాగుతుంది అనుకుందాం. రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు. 108 యూనిట్లు. అదే ఆఫీసుల్లో మానిటర్ వెనక తగిలించే చిన్న డబ్బా, మినీ పీసీ అంటాం కదా, అది పెద్ద పని లేనప్పుడు 10 నుంచి 15 వాట్ల దగ్గర ఉంటుంది. 15 వేసుకుందాం. నెలకి 10.8 యూనిట్లు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి కరెంటు రేటు. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం స్లాబులు ఇవి: 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. మిగతా చార్జీలు దీని మీద అదనం, వాటిని పక్కన పెడదాం. చిన్నమ్మ వాళ్లింట్లో నెలకి 200 యూనిట్లు కాలుతుంది అనుకోండి.

మినీ పీసీ పెడితే 210.8 అవుతుంది. అదే స్లాబులో ఉంటాం. 10.8 ఇంటూ 6, దాదాపు 65 రూపాయలు. ర్యాక్ సర్వర్ పెడితే 308 యూనిట్లు. మొదటి 25 యూనిట్లు 6 రూపాయల లెక్కన 150. మిగతా 83 యూనిట్లు పై స్లాబులోకి పోతాయి, 8.75 లెక్కన 726. మొత్తం 876 రూపాయలు. నెలకి తేడా 811. మూడేళ్లు వాడితే 29 వేల పైమాటే.

ఇది ఒకసారి మనసులో పెట్టుకోండి. 40 వేల బడ్జెట్‌లో కొన్న సర్వర్, మూడేళ్లలో ఇంకో 29 వేలు ఎక్కువ తింటుంది. ఆ డబ్బు మావాడు కట్టడు. ప్రతి నెలా బిల్లు వచ్చినప్పుడు చిన్నమ్మ కడుతుంది. సెకండ్ హ్యాండ్ సర్వర్ ఎందుకంత తక్కువకి వస్తుందో ఇప్పుడు అర్థమైందా? కంపెనీ వాళ్లు కూడా ఇదే లెక్క వేసుకుని వదిలించుకున్నారు.

"అవసరమైనప్పుడే ఆన్ చేస్తా అన్నా" అన్నాడు మావాడు. మంచి ప్రశ్నే. రోజుకి నాలుగు గంటలు ఆన్ చేస్తే నెలకి 18 యూనిట్లు, అది భరించొచ్చు. కానీ ఇలాంటి సర్వర్ ఆన్ అవడానికే కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, ఫ్యాన్లు విమానం లేచినట్టు అరుస్తాయి. రాత్రి పదకొండుకి ఒక చిన్న కమాండ్ ట్రై చేద్దామనిపిస్తే, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఎవరు ఆన్ చేస్తారు? ఎప్పుడూ ఆన్‌లో ఉండేది, చెయ్యి పెట్టగానే దొరికేది, దాని మీదే నేర్చుకుంటాం.

మూడో మెట్టు, వేడి. మహానంది కోనేరు చూశారు కదా. నీళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఎలా? వచ్చినన్ని నీళ్లు బయటికి పోతున్నాయి కాబట్టి. ఆ పోయే నీళ్లతోనే చుట్టూ తోటలు పారుతున్నాయి. కంప్యూటర్‌లోకి పోయిన కరెంటు కూడా అంతే, మొత్తం వేడిగా బయటికి రావాల్సిందే. 150 వాట్లు లోపలికి పోతే 150 వాట్ల వేడి గదిలోకి వస్తుంది. పాతకాలం 60 వాట్ల బల్బులు రెండున్నర రాత్రీపగలూ వెలుగుతున్నట్టు లెక్క. కోనేటికి నీళ్లు పోయే దారి ఉంది. కిటికీ మూసిన గదికి వేడి పోయే దారి లేదు.

పైగా ఈ ర్యాక్ సర్వర్లని తయారుచేసిందే ఏసీ గదుల కోసం. ఆర్730కి మామూలుగా చెప్పే పరిమితి, లోపలికి పీల్చే గాలి 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మన గదిలో 35 ఎక్కడిది? పైన రేకులో, ఎండకి కాగిన స్లాబో ఉంటే 40 దాటుతుంది. అప్పుడు ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌కి పోతాయి. కరెంటు ఇంకా లాగుతుంది, మోత ఇంకా పెరుగుతుంది. చిన్నమ్మ అడిగిన ఒకే ఒక టెక్నికల్ ప్రశ్న కూడా ఇదే. "అది రాత్రంతా మోగుతాదా నాయనా?" మోగుతుంది. ఒకే గదిలో పడుకునే ఇల్లయితే దాన్ని భరించలేరు.

మినీ పీసీకి ఎండ దెబ్బ తగలదని కాదు. దానికీ చల్లటి చోటు చూడాలి. బీరువా పైన పెట్టొద్దు, అక్కడ వేడి గాలి చేరుతుంది. నేలకి దగ్గరగా, గోడకి నాలుగు వేళ్ల దూరంలో, గాలి తగిలేచోట పెట్టండి. దుమ్ము ఎక్కువ ఉన్న ఊరు మనది, కాబట్టి మూడు నెలలకొకసారి ఆపి, మూత తీసి బ్రష్‌తో దులపండి. పాత మెషిన్ కొన్నాక ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్చడం కూడా మంచి పని. ఖర్చు తక్కువ, తేడా మాత్రం కనిపిస్తుంది.

నాలుగో మెట్టు, ఇన్వర్టర్. ఇంట్లో మామూలుగా ఉండేది 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీ. గుణిస్తే 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను వాడుకోదగ్గది 1200 అనుకుందాం. రెండు ఫ్యాన్లు, లైట్లు కలిపి 150 వాట్లయితే 8 గంటలు వస్తుంది. ర్యాక్ సర్వర్ కలిపితే లోడ్ 300, బ్యాకప్ 4 గంటలకి పడిపోతుంది. మినీ పీసీ కలిపితే 165, ఏడు గంటలు దాటి వస్తుంది. ఎండాకాలం రాత్రి గాలివానకి లైన్ తెగి కరెంటు పోయిందనుకోండి. ఆ నాలుగు గంటల తేడా అంటే తెల్లవారుజామున అవ్వ మంచం పైన ఫ్యాన్ తిరగడమా, ఆగిపోవడమా అన్న తేడా. మీ ల్యాబ్ కోసం ఇంట్లో ఎవరూ ఆ పరిస్థితి పడకూడదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. అది లేకపోతే కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. రెండోది, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరా, సైన్ వేవా చూసుకోండి. సర్వర్ల పవర్ సప్లైలు కొన్ని స్క్వేర్ వేవ్ మీద సరిగ్గా పనిచేయవు. బయాస్‌లో ఏసీ రికవరీ లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి పెడితే, పూర్తిగా కరెంటు పోయి వచ్చినా మెషిన్ దానంతట అదే లేస్తుంది.

సరే, ఈ నాలుగు మెట్లూ దిగాక ఏం మిగిలింది? 32 జీబీ ర్యామ్, 6 కోర్లు, తక్కువ కరెంటు, తక్కువ మోత. ఇది సూటిగా మినీ పీసీ. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. కంపెనీలు లీజు అయిపోగానే వందల్లో వదిలేస్తాయి, అవే రిఫర్బిష్డ్ మార్కెట్లోకి వస్తాయి.

ఏ జనరేషన్? నా లెక్కలో 8వ తరం ఇంటెల్ మంచి చోటు. ఐ5-8500టీ అంటే 6 కోర్లు, 35 వాట్ల ప్రాసెసర్. అంతకుముందు 6, 7 తరాల ఐ5ల్లో 4 కోర్లే. అయితే ఇక్కడ ఒక కిటుకు ఉంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచి పైవాటికే. అందుకని 6, 7 తరాల మెషిన్లు ఆఫీసులకి పనికిరాక బయటికొస్తున్నాయి. మనం వేసేది లైనక్స్ ఆధారంగా నడిచే హైపర్‌వైజర్, దానికి ఆ గొడవే లేదు. బడ్జెట్ 40 కాదు, అందులో సగమే ఉన్నవాళ్లకి 4 కోర్ల పాత మెషిన్ కూడా హాయిగా పనికొస్తుంది, ర్యామ్ పెంచుకుంటే చాలు.

ధరలు నేను ఈ వీడియోలో చెప్పను. ర్యామ్ ధరలు 2025 చివర్లో ఎలా పెరిగాయో చూశారు కదా. ఏఐ డేటా సెంటర్లు చిప్‌లు కొనేస్తుంటే ఆ సెగ మన జేబుకీ తగిలింది. నేను ఇవాళ చెప్పిన రేటు మీరు చూసే రోజుకి ఉండదు. అందుకే ఒక పద్ధతి చెప్తా. ర్యామ్ విడిగా కొనే ధర, ర్యామ్ వేసి ఉన్న మెషిన్ ధర, రెండూ అడగండి. ర్యామ్ ఖరీదుగా ఉన్న రోజుల్లో, 32 జీబీ వేసే అమ్ముతున్న మెషిన్ చాలాసార్లు చవక పడుతుంది. ఒకవేళ 16తో తీసుకుంటే ఒకే 16 స్టిక్ ఉన్నది అడగండి. రెండు 8లు వేసి ఉంటే రెండో స్లాటు కూడా నిండిపోయినట్టే, పెంచాలంటే ఉన్నవి తీసేయాలి. ఈ చిన్న డబ్బాల్లో ల్యాప్‌టాప్ సైజు ర్యామ్ పడుతుంది, డెస్క్‌టాప్‌ది పట్టదు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ చవగ్గా దొరికిందని కొనకండి, ఇందులో పనిచేయదు.

మరి 64 జీబీ దాటి కావాలంటే? అప్పుడు టవర్ వర్క్‌స్టేషన్ వైపు చూడండి. హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810 లాంటివి. ఒకే జియాన్ ప్రాసెసర్, ర్యామ్‌కి 8 స్లాట్లు, పెద్ద ఫ్యాన్లు కాబట్టి మోత తక్కువ. కరెంటు మినీ పీసీ కంటే ఎక్కువే, కానీ గదిలో పెట్టుకుని బతకొచ్చు. ర్యాక్ సర్వర్ ఎవరికి కరెక్ట్? ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కి. ఏసీ గది ఉంది, 30 మంది స్టూడెంట్లు ఒకేసారి లాగిన్ అవుతారు, తలా ఒక మెషిన్ ఇవ్వాలి. అక్కడ 28 కోర్లు, 256 జీబీ నిజంగా పనిచేస్తాయి, తల మీద లెక్క కడితే కరెంటు కూడా పెద్ద భారం కాదు. అదే మెషిన్, చోటు మారితే లెక్క మారిపోతుంది.

తర్వాత స్టోరేజ్. హైపర్‌వైజర్, వర్చువల్ మెషిన్లు ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి. ఐదు మెషిన్లు ఒకేసారి ఒక హార్డ్ డిస్క్ మీద పడితే దాని ముల్లు అటూ ఇటూ పరిగెత్తి అలసిపోతుంది. 500 జీబీ లేదా 1 టీబీ ఎన్‌వీఎంఈ సరిపోతుంది. ఒకే ఎస్ఎస్‌డీ ఉంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిఫాల్ట్‌గా వచ్చే ఈఎక్స్‌టీ4, ఎల్‌వీఎం-థిన్ చాలు. జెడ్ఎఫ్ఎస్ గొప్పదే, కానీ ర్యామ్ తింటుంది, చవక ఎస్ఎస్‌డీల మీద రాతలు కూడా పెంచుతుంది. చాలా మోడళ్లలో ఇంకో 2.5 అంగుళాల డ్రైవ్‌కి చోటు ఉంటుంది. అందులో పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పెట్టి రాత్రిపూట బ్యాకప్ పడేలా చేయండి. ముఖ్యమైనవి ఇంకో కాపీ డబ్బా బయట కూడా ఉండాలి. పిడుగు పడితే రెండు డ్రైవ్‌లూ కలిసే పోతాయి.

సాఫ్ట్‌వేర్ సంగతి. మావాడికి నేను చెప్పింది ప్రాక్స్‌మాక్స్ వీఈ. డెబియన్ మీద నడుస్తుంది, లోపల కేవీఎం, ఎల్ఎక్స్‌సీ కంటైనర్లు రెండూ ఉంటాయి, వాడుకోవడం ఉచితం. చందా కట్టకపోతే మొదటి అప్‌డేట్‌లో ఎర్రర్ వస్తుంది. కంగారు పడకండి, నో-సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీకి మార్చుకుంటే సరి. వీఎంవేర్ నేర్చుకోవద్దా అంటే, కంపెనీల్లో ఇంకా ఉంది, తెలిసి ఉండటం మంచిదే. కానీ 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ దాన్ని కొన్నాక, 2024 మొదట్లో ఉచిత ఈఎస్ఎక్స్ఐని ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. ఈ అటూఇటూల మధ్య చాలామంది వేరే దారులు వెతుక్కున్నారు. కాబట్టి కేవీఎం తెలిసినవాడికి ఇప్పుడు విలువ ఉంది.

నెట్‌వర్క్‌కి ఒక్క మాట. వైఫై మీద పెట్టొద్దు. వర్చువల్ మెషిన్లన్నీ ఒకే వైఫై కార్డు వెనక నుంచి బ్రిడ్జ్ అవ్వడం సరిగ్గా కుదరదు. రౌటర్ పక్కనే పెట్టి ల్యాన్ కేబుల్ తగిలించండి. మానిటర్ అక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం ఎవరిదైనా టీవీ అడిగి హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ పెట్టుకోండి. తర్వాత అంతా బ్రౌజర్‌లోనే, పోర్టు 8006. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. మావాడు బస్సులో నంద్యాల పోతూ ఫోన్‌లోంచే మెషిన్లు ఆన్, ఆఫ్ చేస్తాడు. బయటి నుంచి ఎక్కడానికి టెయిల్‌స్కేల్ లాంటిది వాడండి. 8006 పోర్టుని రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి, ఎప్పుడూ.

ఎక్కడ కొనాలి? హైదరాబాద్ వైపు వెళ్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. బెంగళూరు వైపు వెళ్తే ఎస్పీ రోడ్. ఎక్కడ కొన్నా కౌంటర్ దగ్గరే చూడాల్సినవి ఆరు. ఒకటి, మెషిన్ ఆన్ చేయించి బయాస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి. రెండు, బయాస్‌లో వర్చువలైజేషన్, వీటీ-డీ రెండూ ఉన్నాయా. మూడు, మొత్తం ర్యామ్ కనిపిస్తోందా, ఎన్ని స్టిక్‌లు. నాలుగు, ఎస్ఎస్‌డీ హెల్త్ స్మార్ట్ రిపోర్ట్‌లో చూపించమనండి. ఐదు, అడాప్టర్ ఆ కంపెనీదే, సరిపడా వాట్లదేనా. డెల్ మెషిన్లు తెలియని అడాప్టర్ పెడితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించేస్తాయి. ఆరు, బిల్లు, వారంటీ ఎన్ని రోజులో కాగితం మీద. ఇంటికొచ్చాక మొదటి రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి వదిలేయండి. ర్యామ్‌లో తేడా ఉంటే వారంటీలోనే బయటపడాలి.

అసలు ఏమీ కొనకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ఉంటే వర్చువల్‌బాక్స్ వేసుకోండి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024లో ఉచితం చేశారు. రెండు నెలలు దాని మీదే చేయండి. విసుగు రాకుండా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు డబ్బు తీయండి. క్లౌడ్ కూడా ఉంది, అమెజాన్ వాళ్ల హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. వారంలో రెండు గంటలు కావాలంటే గంట లెక్కన అద్దెకి తీసుకోవడమే లాభం. రోజూ, రోజంతా కావాలంటే సొంత డబ్బా లాభం. ఆపడం మర్చిపోతే క్లౌడ్ బిల్లు పెరుగుతూనే ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోండి.

మావాడు చివరికి 8వ తరం మినీ పీసీ తీసుకున్నాడు, 32 జీబీ, 1 టీబీ. 40 వేలు మొత్తం అవ్వలేదు. మిగిలింది సర్టిఫికేషన్ పరీక్ష ఫీజుకి పక్కన పెట్టమన్నాను. ఎందుకంటే ఇంటర్వ్యూలో ఎవరూ నీ దగ్గర ఎన్ని కోర్లు ఉన్నాయని అడగరు. నోడ్ పడిపోతే ఏం చేశావు, బ్యాకప్ నుంచి ఎలా లేపావు అని అడుగుతారు. ఆ జవాబులు 15 వాట్ల డబ్బాలో కూడా తయారవుతాయి. విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో పెడతామని 2025 అక్టోబర్‌లో చెప్పిన డేటా సెంటర్ గిగావాట్ లెక్కల్లో ఉంటుంది. కానీ అక్కడ కూర్చునే ఇంజనీర్ కూడా కరెంటు, వేడి, మెమరీ, ఈ మూడింటి లెక్కతోనే మొదలుపెడతాడు. మీరు అదే లెక్క మీ ఇంటి బిల్లు మీద వేసి నేర్చుకున్నారనుకోండి, ఉద్యోగంలో అది పనికొస్తుంది.

మీకు ఇప్పుడే ఒక పని. ఈ వీడియో ఆపగానే మీ ఇంటి లాస్ట్ కరెంటు బిల్లు తీసి ఎన్ని యూనిట్లు, ఏ స్లాబులో ఉన్నారో చూడండి. పక్కనే కాగితం మీద మీకు కావాల్సిన మెషిన్లు, ఒక్కో దానికి ఎంత ర్యామో రాయండి. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే ఏ షాపువాడూ మిమ్మల్ని తిప్పలేడు. వచ్చే ఎపిసోడ్‌లో ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొదటి వర్చువల్ మెషిన్ లేపే వరకు చేద్దాం. ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్ రెడీగా పెట్టుకోండి.